పదిహేడో ప్రశ్న

ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ చదువుకోవచ్చు అని ఆ ఆన్‌లైన్ యూనివర్సిటీ వాళ్ళు ఊదరగొట్టారు. ఆ మాట నిజమే, కాదనడానికి లేదు. ఇసబెల్లా మూడేళ్ళపాటు కంపెనీ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి చదివింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ తాగుతూ చదివింది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని రాగిముద్ద కెలుకుతూ పాఠాలు విన్నది. తీరా పరీక్ష దగ్గరికి వచ్చేసరికి ఆ వెసులుబాటంతా ఏ గంగలో కలిసిందో! గదిలో ఒక్కతే ఉండాలట. తలుపు వేసి ఉండాలట. కెమెరాకి చెవులు చూపించాలట, చేతులు పైకి మడిచి చూపించాలట, బల్ల కింద చూపించాలట, చివరికి ఇంటి కప్పు కూడా చూపించాలట. కేజీఎఫ్‌లో బంగారు గని కార్మికుల లైను ఇళ్ళంటే వాళ్ళకేం తెలుసు? ముందొక గది, వెనకొక వంటిల్లు, రెంటికీ మధ్య వేలాడే పాత చీర. లేని తలుపు ఎక్కణ్ణించి తెచ్చి వేస్తుంది?

డిగ్రీ పేరు సెక్యూరిటీ అండ్ కౌంటర్ టెర్రరిజం. పేరు విన్నవాళ్ళందరూ ముందు నోరు తెరిచేవాళ్ళు, తర్వాత నవ్వేవాళ్ళు.

"టెర్రరిస్టులు మన పక్కకి యాడొస్తారమ్మా! వచ్చినా బంగారుపేటలో రైలు మారి ఎళ్ళిపోతారు," అని ఎదురింటి తాయమ్మ పగలబడి నవ్వింది.

నవ్వేవాళ్ళని నవ్వనిచ్చింది. ఆమెకు కావలసింది ఒక్కటే, ఆఫీసర్ కుర్చీ. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళుగా ఆమె లేడీ గార్డు. షిఫ్టు వదిలే వేళకి గేటు పక్కన రేకుల గదిలో నిలబడి, బయటికి పోయే ఆడవాళ్ళ సంచులు తెరిచి చూసి, నడుములు తడిమి పంపించాలి. రోజుకి నాలుగు వందల మంది. అందులో సగంమంది మొహం మీదే తిట్టేవాళ్ళు, తక్కిన సగం గది దాటాక తిట్టేవాళ్ళు. ఇప్పుడు సెక్యూరిటీ ఆఫీసర్ నంజుండప్ప నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఈ డిగ్రీ ఉన్న మనిషి లోపలే దొరికితే వాళ్ళకే కుర్చీ, లేకపోతే బెంగళూరు నుంచి తెచ్చుకుంటాం అని కంపెనీ నోటీసు పెట్టింది. ఇసబెల్లాకి మిగిలింది ఒకే ఒక్క పేపరు. అది పోతే మళ్ళీ రేకుల గదే.

"డిగ్రీ తెచ్చినా గేటులో మగోళ్ళు నీ మాట వింటారా ఏమ్మా?" అని నంజుండప్ప రోజుకోసారి అడిగేవాడు. అడిగి, జవాబు కోసం ఆగకుండా పోయేవాడు. పోయేముందయినా ఈయనకి కుళ్ళు తగ్గదా అని ఆమె లోపల్లోపల పళ్ళు నూరేది.

సరే, ఆయన పరాయివాడు. ఇంట్లో ఉన్నవాడి సంగతేమిటి?

తండ్రి రూబెన్ పాతికేళ్ళు గనిలో దిగి ఎక్కినవాడు. రాతికి బొక్కలు వేసి మందు దట్టించే పని. షిఫ్టు అయిపోయి పైకి వచ్చిన ప్రతిరోజూ గని కాపలా కాసే వాచ్ అండ్ వార్డ్ వాళ్ళు అతన్ని సోదా చేశారు. టిఫిను డబ్బా తెరిపించేవాళ్ళు, జుట్టులో వేళ్ళు పెట్టి గాలించేవాళ్ళు, నోరు తెరవమనేవాళ్ళు, అనుమానమొస్తే గుడ్డలు విప్పించేవాళ్ళు. రవ్వంత బంగారం కూడా అతని దగ్గర ఏనాడూ దొరకలేదు. అతను తీస్తే కదా దొరికేది! గనులు మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది, ఆ మంట మాత్రం అతనికి ఆరలేదు. అలాంటివాడి కూతురు ఖాకీ చొక్కా తొడుక్కుని ఆడవాళ్ళ నడుములు తడిమే ఉద్యోగానికి పోయింది.

"నన్ను తడిమినోళ్ళ గుంపులో పోయి చేరినావు కదే," అన్నాడు మొదటి రోజే.

"ఇంట్లో కూడు ఉడికేది ఆ గుంపు వల్లనే," అని ఆమె అంతకన్నా గట్టిగా అన్నది.

ఇంకేముంది, ఆ పూట నుంచి ఇద్దరి మధ్యా మంచిమాట తెగిపోయింది. తిట్లు మాత్రం మిగిలాయి. వానొచ్చేట్టుంది గొడుగు తీసుకుపో అని అతనంటే, గొడుగు ఇంట్లోనే పెట్టి తడిసి ముద్దయి వచ్చేది. అతను వద్దన్న కూరగాయే తెచ్చేది. తల్లి పోయాక ముందు లేచినవాళ్ళు వండేవాళ్ళు, ఎవరి పళ్ళెం వాళ్ళు కడుక్కునేవాళ్ళు. మాటకి మాట, మొండికి మొండి. ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి.

పరీక్షకి ఆమె ఆదివారం పొద్దున పది గంటలు ఎంచుకుంది. ఆ వేళకి లైన్లో సగం ఇళ్ళవాళ్ళు చర్చిలో ఉంటారు, గోల ఉండదు. రూబెన్ ఆరాధన తప్పే మనిషి కాడు. తొమ్మిదిన్నరకే తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. పీడ విరగడైంది అనుకుంటూ ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. చెవులు చూపించింది, చేతులు చూపించింది, కప్పు పెంకులు చూపించింది, చీర పక్కకి లాగి ఖాళీ వంటిల్లు చూపించింది. ఎక్కడో కూర్చున్న ఇన్విజిలేటర్ సరేనన్నాడు.

ఇసబెల్లాకి ఒక అలవాటుంది. కన్నడ మీడియంలో చదివిన మనిషి. ఇంగ్లీషు ప్రశ్నని పెదాల మీద తెలుగులో చెప్పుకుంటే తప్ప బుర్రకెక్కదు. పదహారు ప్రశ్నలు బాగానే నడిచాయి. పదిహేడో దాని దగ్గర బండి ఆగిపోయింది.

"బాంబు పేలింది. అవతలున్నోడి ఒంటిమీద గాయం లేదు. చెవులు పోయినాయి, ఊపిరితిత్తులు చెడిపోయినాయి. దేనివల్ల?" అని గొణుక్కుంది.

కింద నాలుగు జవాబులున్నాయి. ఎగిరిపడే ముక్కలు, మంట, ఏర్ బ్లాస్ట్, పొగ. ఊపిరితిత్తులన్నాడు కాబట్టి పొగే అయి ఉంటుందని పొగ మీద నొక్కింది. నొక్కిందే కానీ మనసొప్పలేదు. పొగకి చెవులెందుకు పోతాయి? మళ్ళీ మొదటి నుంచి గొణుక్కోవడం మొదలుపెట్టింది.

"ఏర్ బ్లాస్ట్!"

వంటింట్లోంచి వచ్చింది ఆ కేక. రూబెన్ గొంతు!

కేజీఎఫ్‌లో పుట్టినవాళ్ళకి ఆ మాట ఏమిటో చెప్పనక్కర్లేదు. భూమి లోపల చాలా లోతున, ఎవరూ మందు పెట్టకుండానే, పైబరువు తట్టుకోలేక రాయి దానంతటదే పగిలిపోతుంది. పైన ఇళ్ళు అదురుతాయి, గిన్నెలు దొర్లుతాయి. దానికి గనివాళ్ళు పెట్టుకున్న పేరు ఏర్ బ్లాస్ట్. గనులు మూసేసి లోపల నీళ్ళు నిండాక కూడా అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. వచ్చిందంటే ఎవరో ఒకరు ఆ మాట అరుస్తారు, అందరూ వీధిలోకి పరుగెత్తుతారు. అందుకని ఇసబెల్లా కూడా అదే అనుకుంది. అదురొచ్చింది, చర్చి నుంచి ఎప్పుడొచ్చాడో ఏమో నాయన అరిచాడు, పరీక్ష ధ్యాసలో తనకే తెలియలేదు. ఇప్పుడు లేచి బయటికి పరుగెత్తితే పేపరు పోతుంది. చచ్చినా సరే కదలనని కుర్చీని పట్టుకుని కూర్చుంది. వేలు మాత్రం పొగ మీంచి లేచి ఏర్ బ్లాస్ట్ మీద నొక్కేసింది.

నాలుగు రోజులకి మెయిల్ వచ్చింది. పరీక్ష గదిలో మగమనిషి గొంతు వినిపించింది. ఆ గొంతు పదిహేడో ప్రశ్నకి సరైన జవాబు చెప్పింది. నాలుగు సెకన్లలో మీరు మీ జవాబు మార్చారు. శనివారం పదకొండు గంటలకి వీడియోలో విచారణ, సంజాయిషీ ఇచ్చుకోండి, సాక్షులుంటే తెచ్చుకోండి. కాపీ కొట్టినట్టు తేలితే పేపరు రద్దు, రెండేళ్ళు పరీక్ష రాయడానికి వీల్లేదు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఊరి కింద భూమి కదిలితే అది కూడా తన నెత్తి మీదేనా? వీళ్ళకి కేజీఎఫ్ అంటే ఏం తెలుసని! ఆ సాయంత్రమే కాగితాలు పట్టుకుని సాక్షుల కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఆదివారం అదురొచ్చింది కదా అని అడిగితే రాలేదన్న మనిషి ఒక్కరు లేరు.

"రాకేమమ్మా! పొయ్యి మింద పాలు పొంగి పోయినాయి," అన్నది తాయమ్మ.

"ఎన్ని గంటలకక్కా?"

"నువ్వెన్నింటికంటే అన్నింటికి. యాడ ఏలిముద్ర ఎయ్యాల?"

మూల అంగడి దొడ్డమునియప్ప తన సీసాలన్నీ గలగలమన్నాయని సంతకం పెట్టాడు, కానీ శనివారం అని రాశాడు. చర్చికి పోయినవాళ్ళిద్దరు మోకాళ్ళ మీదున్నప్పుడు నేల కదిలిందన్నారు, ఒకరు తొమ్మిదికి, ఒకరు పదకొండున్నరకి. ఇసబెల్లా ఇంటికొచ్చి నాలుగు కాగితాల మీదా వారం, గంట ఒకటే ఉండేట్టు తన చేత్తోనే దిద్దింది. సాక్ష్యాల సేకరణ అన్న పేపర్లో డెబ్బై ఎనిమిది మార్కులు తెచ్చుకున్న మనిషి చేసిన పని ఇది!

ఇంక మిగిలింది ఇంట్లోని సాక్షి. శుక్రవారం సాయంత్రం రూబెన్ గడపలో కూర్చుని అవరేకాయలు ఒలుస్తున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది.

"రేపు పదకొండుకి కంప్యూటర్ ముందర కూర్చోవాల. ఆదివారం ఎందుకరిచినావో చెప్పాల."

"ఎవురికి?"

"యూనివర్సిటీ వాళ్ళకి. ఎంక్వయిరీ పెట్టినారు."

ఆ మాట వినేసరికి ముసలాయన చెయ్యి ఆగింది. "తప్పు ఎవురి మింద రాసినారు?"

"నా మీద. నువ్వు నాకు జవాబు చెప్పినావంట. అదురొచ్చింది, అరిచినాను అని చెప్పు, చాలు. ఇంగొక్క మాట ఎక్కువొద్దు. నువ్వు నోరు జారితే నా బతుకు ఆ రేకుల గదిలోనే తెల్లారిపోతుంది."

"ఎంక్వయిరీల్లో ఎట్ల మాట్లాడాల్నో నువ్వు నాకు నేర్పిస్తావా? పో మే, పో."

ఒప్పుకున్నట్టే అనుకుంది. నిజంగా అదురొచ్చిందా అని అడగలేదు. అడిగితే ఏమంటాడో అని లోపల ఎక్కడో భయముందని ఒప్పుకోవడానికి కూడా ఆమెకు మొండితనం అడ్డమొచ్చింది.

శనివారం రూబెన్ గడ్డం గీసుకుని, పెట్టె అడుగునున్న కోటు తీసి తొడుక్కున్నాడు. తెర మీద మూడు మొహాలు. మధ్యలో అధ్యక్షురాలు, ఆమెకు తెలుగు వచ్చు. కుడివైపు మీసాలాయన, పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మూడో ఆయన ఎంతసేపూ తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు.

మీసాలాయన మొదట్లోనే ఇంగ్లీషులో దెబ్బకొట్టాడు. "నలుగురు సాక్షులు, నలుగురివీ వేరువేరు సంతకాలు, వేలిముద్రలు. వారం, గంట మాత్రం ఒకటే చేతిరాత. మీరు చదివేది ఏ డిగ్రీనో మీకు గుర్తుందా?"

ఇసబెల్లా మొహం కందిపోయింది. వాళ్ళకి చదువు రాదండీ, అందుకని నేను రాశాను అని ఏదో నసిగింది. ఆయన నవ్వలేదు, సరేననలేదు, ఇంకో కాగితం తిప్పాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. సంచి అడుగున ఏదో దాచారని గట్టిగా నమ్మినప్పుడు తను ఆడవాళ్ళకేసి చూసే చూపు అదే.

అధ్యక్షురాలు రూబెన్ వైపు తిరిగింది. "రూబెన్ గారూ, మీరు ఆ రోజు చర్చికి వెళ్ళారని మీ అమ్మాయి రాసింది. ఇంట్లో ఎందుకున్నారు?"

"మోకాళ్ళు నొప్పెత్తి నడిమధ్యలోనే వచ్చేసినానమ్మా. ఆ పిల్లకి అడ్డం రాకూడదని ఎనక తట్టు నించి వచ్చినాను. చప్పుడు చేయకుండా టీ పెట్టుకుంటా ఉండినాను."

"అప్పుడు భూమి అదిరిందా?"

ఇసబెల్లా బల్ల కింద తండ్రి కాలు తొక్కింది. అతను కాలు వెనక్కి తీసుకున్నాడు.

"లేదమ్మా. ఏమీ అదరలే."

అయిపోయింది. దేవుడా, ఈ ముసలాయన నోరు పడిపోతే బాగుండు అనుకుంది ఇసబెల్లా. నిజంగానే అనుకుంది.

రూబెన్ మాత్రం ఛాతీ నిక్కించి చెప్పుకుపోతున్నాడు. "ఆ పిల్ల గొణుగుతా ఉండాది. గాయం లేదు, చెవులు పోయినాయి, ఊపిరి పోయింది, దేనివల్ల అంటాది. నన్నే అడిగినట్టుండాది. ఎనభై రెండులో మా తమ్ముణ్ణి పైకి తెచ్చినప్పుడు వాని ఒంటిమింద గీత లేదమ్మా. చెవుల్లో నెత్తురు, అంతే. ఏర్ బ్లాస్ట్‌లో పోయినాడు. నాకు తెలిసిన జవాబు, ఆపుకోలేకపోయినాను, నోట్లో నించి వచ్చేసింది."

"మీరు చెప్పేది గనిలో రాయి పగలడం," అన్నాడు మీసాలాయన. ఆయనకీ తెలుగు వచ్చన్నమాట! "పుస్తకంలో ఏర్ బ్లాస్ట్ అంటే వేరు. బాంబు పేలినప్పుడు గాలి తోసే దెబ్బ."

"చచ్చినోడికి రెండూ ఒకటే సార్," అన్నాడు రూబెన్. "రాసుకోండి. తప్పు నాది. నేను ఇంట్లో ఉండేదే ఆ పిల్లకి తెలీదు. ఏ శిక్షయినా నాకెయ్యండి."

మీసాలాయన కళ్ళజోడు తీశాడు. ధన్యవాదాలు, నిర్ణయం మెయిల్‌లో పంపుతాం అన్నది అధ్యక్షురాలు. తెర ఆరిపోయింది.

రూబెన్ కోటు విప్పి వంకీకి తగిలించాడు. ఎనిమిదేళ్ళలో ఆ మొహాన అంత వెలుగు ఆమె చూడలేదు. వంటింట్లోకి పోయి ఇద్దరికీ టీ పోసుకొచ్చాడు. ఒక గ్లాసు ఆమె ముందు పెట్టాడు.

"అయిపాయె. నా మింద ఏసుకున్నాను. ఇంగ నువ్వు గమ్మున ఉండు."

"అదురొచ్చింది అని చెప్పమంటే ఏం చేసినావు నువ్వు?" ఇసబెల్లా గొంతు కీచుమంది. "ఒక్క మాట! ఆ ఒక్క మాట అనడానికి నీ నోరు పడిపోయిందా?"

"రానిది వచ్చిందని ఎట్లంటారే? నీ నాలుగు కాగితాలూ వాళ్ళు నమ్మినారా? గనిలో ఎంక్వయిరీ అంటే ఎట్లుంటుందో నీకేం తెలుసు. ఏదన్నా జరిగితే గుంపులో పెద్దోడు ముందుకొచ్చి నాది తప్పు అంటాడు. వానికి పది దినాలు సస్పెండు. తక్కినోళ్ళు మరుసటి దినం పనిలోకి దిగుతారు. నేను మూడుసార్లు అట్ల నిలబడినాను. మూడుసార్లూ నా గుంపులో ఒక్కణ్ణి కూడా తాకలేదు వాళ్ళు."

ఆమె టీ ముట్టలేదు. అతను మాత్రం ఊదుకుంటూ తాగాడు, బయట తాయమ్మ కనిపిస్తే ఎంక్వయిరీ క్లోజ్ అయిపాయెనని గడపలోంచే కేకేసి చెప్పాడు.

గంట తిరక్కుండా మెయిల్ వచ్చింది. ఆమె చదువుతుంటే అతను వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏమంటారు? నాక్కూడా చదువు."

చదవకుండా ఉండవచ్చు. మంచిమాట ఏదైనా కల్పించి చెప్పవచ్చు. ఆమెకి అలాంటి బుద్ధి పుట్టలేదు, పుట్టినా ఆ కోపంలో నిలిచేది కాదు. ఒక్కొక్క వాక్యం తెలుగులోకి మార్చి, ఒక్క ముక్క వదలకుండా చదివింది. పరీక్షలో వేరే మనిషి సాయం తీసుకుని, నొక్కిన జవాబు మార్చినట్టు తేలింది. దిద్దిన సాక్ష్యాలు సమర్పించినట్టు తేలింది. కుటుంబ సభ్యుడు ఒప్పుకున్నందువల్ల ఇంకే విచారణా అవసరం లేదు. పేపరు రద్దు. రెండేళ్ళు పరీక్ష రాయడానికి వీల్లేదు. కుటుంబ సభ్యుడు ఒప్పుకున్నందువల్ల అన్న వాక్యం కావాలనే రెండుసార్లు చదివింది.

రూబెన్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నా మింద రాయలేదా?"

"నీ పేరు యాడా లేదు. వాళ్ళకి నువ్వెవరు? నీకేం శిక్ష ఏస్తారు వాళ్ళు, పింఛను ఆపుతారా? నువ్వు చేసిందల్లా వాళ్ళ పని సులువు చేసింది. సోమవారం నంజుండప్ప నా మొహాన నవ్వుతాడు. నెలాఖరుకి బెంగళూరోడు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. నేను రేకుల గదిలో, నువ్వు గడపలో. సంతోషమా? ఇప్పుడు సంతోషమా నీకు?"

ముసలాయన మొహంలో వెలుగు ఎప్పుడో పోయింది. పోయి, దాని చోట ఎప్పటి కోపం వచ్చింది. బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు.

"ఏం మే, అంతా నా నెత్తినేనా? అరిచినాను సరే. నీ చెయ్యి నేను పట్టుకున్నానా? ఏదో నొక్కినావంట, మళ్ళీ మార్చినావంట. దాన్ని అట్లే ఎందుకుండనీలేదు? ఎందుకు మార్చినావు?"

ఇసబెల్లా గిరుక్కున తిరిగింది. తిట్టడానికే తిరిగింది. అదురొచ్చిందనుకున్నాను, కంగారుపడ్డాను, చెయ్యి జారింది, ఇలాంటివి వాళ్ళకి చెప్పడానికి తయారుచేసుకున్న మాటలు ఒక డజను ఉన్నాయి. ఒక్కటీ రాలేదు.

"నువ్వు చెప్పినావని," అన్నది.

రూబెన్ చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది.

"నువ్వు అంత గట్టిగా చెప్పినావంటే కరెక్టే అయ్యుంటుందనుకున్నా. ఈ ఎనిమిదేండ్లలో నీ మాట నేను విన్నది ఆ ఒక్కసారే నాయనా."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వీధిలో తాయమ్మ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది.

"జవాబు కరెక్టేనా?" అని అడిగాడు చివరికి, గొంతు తగ్గించి.

"కరెక్టే," అన్నది ఇసబెల్లా, ఏడుపు ఆపుకోలేక.